సర్కారు బడి, ఖాన్గీ బడి

ఇంట ఐదేళ్ల బిడ్డ ఉన్నదంటే వేసవి మొదలయ్యేసరికి ఒకటే చర్చ: బిడ్డను సర్కారు బడిలో వేయడమా, ప్రైవేటు బడిలో వేయడమా? నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధులలో ఈ చర్చ మరీ ఎక్కువ. అక్కడ అడుగడుగునా ఏదో ఒక విద్యాసంస్థ నామఫలకం కనిపిస్తుంది. మన విద్యార్థులు దీనిని పెద్దల వ్యవహారమని త్రోసివేయడానికి వీలులేదు. తమ్ముడి ప్రవేశపత్రం నింపేదీ, చెల్లెలి బడికి వెళ్లి పంతులమ్మతో మాట్లాడేదీ చాలా ఇండ్లలో కళాశాలలో చదివే అన్నలూ అక్కలే. అందుచేత ఈ విషయమును గూర్చి కొంత వివరముగా వ్రాయదలచినాము.

ప్రైవేటు బడి అనగానే ఇంగ్లీషు, సర్కారు బడి అనగానే మాతృభాష అని అనుకొనుటకు మనము అలవాటుపడినాము. కాని ఒకప్పుడు ఇదే నారాయణగూడలో వ్యవహారం తలక్రిందులుగా ఉండేది. నిజాం రాజ్యమున ప్రభుత్వ విద్య ఉర్దూలో సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్యనంతటిని బోధించుటకు పూనుకొన్నది. అది గొప్ప సాహసమే. వైద్యమూ, ఇంజనీరింగూ సైతం ఉర్దూలో చెప్పవచ్చునని అది నిరూపించినది. ఉర్దూ ఇంటిభాషగా గల బిడ్డకు అది వరము. తెలుగు ఇంటి బిడ్డకు మాత్రం అది తన తల్లి మాట్లాడని భాష. తెలుగులో చదువు కావలెనన్నవారు తమ బడిని తామే పెట్టుకొనవలసి వచ్చినది. ఆ బడులనే నాడు ఖాన్గీ బడులు అనేవారు. 1924 ప్రాంతమున, ముందుగా అనుమతి పొందనిదే ఖాన్గీ బడి తెరువరాదని ప్రభుత్వం నిబంధనలు చేయడంతో వీధిబడులు అనేకం మూతపడినవి.

అట్టి కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమమున ఉన్నత పాఠశాలను నెలకొల్పినారు. దానికి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. కార్వే పండితుడు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు దానిని అనుబంధించి, అక్కడి పరీక్షలకు ఇక్కడి బాలికలను పంపినారు. ఇంటి గడప దాటడమే గగనమైన ఆడపిల్ల, తన భాషలో పదవ తరగతి పూర్తిచేయడానికి మరొక రాష్ట్రపు విశ్వవిద్యాలయమును ఆశ్రయించవలసి వచ్చినదన్నమాట! మరాఠీ వారి వివేకవర్ధిని 1907 నుండి ఉన్నది. న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ స్మృత్యర్థం ఏర్పడిన కేశవ్ మెమోరియల్ పాఠశాల 1940లో నారాయణగూడలో వెలసినది. సర్కారు ఇవ్వని దానిని సమాజం తన చేతులతో కూడబెట్టి బిడ్డలకు ఇచ్చుకొన్నది. ప్రైవేటు అనే మాటకు నాడు ఈ పేటలో ఉన్న అర్థం అది.

నేడు ఆ మాట అర్థం మారినది. సర్కారు కూడ మారినది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 విద్యాసంవత్సరము నుండి తన బడులలో 1 నుండి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టినది. పాఠ్యపుస్తకములో ఒక పుటన తెలుగు, ఎదుటి పుటన ఇంగ్లీషు ముద్రించినారు. కనుక ఇంగ్లీషు కొరకే ప్రైవేటు బడి అనే వాదన మునుపటివలె నిలువదు. పిల్లవానికి ఆ ఇంగ్లీషు అర్థమగుచున్నదా అనే ప్రశ్న మాత్రం రెండు బడులకూ సమానమే.

ఈ సందర్భమున ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరిశోధన చెప్పుకొనదగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 2008 మొదలుకొని నాలుగేండ్లపాటు 5 జిల్లాలలోని 180 గ్రామములలో దీనిని నడిపించి, ఫలితములను 2015లో ప్రకటించినారు. సర్కారు బడి పిల్లలలో దరఖాస్తు పెట్టుకొన్నవారికి చీటీలు తీసి, పేరు వచ్చినవారి ప్రైవేటు బడి రుసుము చెల్లించినారు. చీటీ వచ్చినవారికీ రానివారికీ ఇంటి పరిస్థితులలో తేడా ఉండదు గనుక, తేడా కనబడితే అది బడి వలననే అని చెప్పవచ్చును. మామూలుగా మనము చేసే పోలికలో ఈ జాగ్రత్త ఉండదు. ప్రైవేటు బడికి పంపగల తల్లిదండ్రులు ఇంటివద్ద కూడ ఎక్కువ చదివించగలవారు. ఆ ఫలితమును బడి ఖాతాలో వ్రాసివేస్తాము.

నాలుగేండ్ల తరువాత పరీక్షించగా తెలుగు, గణితములలో ఇరువురి మధ్య తేడా లేదు. సర్కారు బడులలో బోధించని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. ఆ బడులు తెలుగుకూ గణితమునకూ తక్కువ సమయము కేటాయించి, మిగిలిన సమయమును ఇతర విషయములకు వినియోగించినవి. ఇంకొక సంగతి: ఒక్కొక్క విద్యార్థిపై ప్రైవేటు బడి చేసిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతుకన్న తక్కువ. ప్రైవేటు పక్షము వారు ఈ చివరి మాటను, సర్కారు పక్షము వారు మొదటి మాటను పట్టుకొని వాదించుకొనుచున్నారు. మాకు ముఖ్యముగా తోచినది వేరు. మాధ్యమము మార్చుకొనిన పిల్లలు ఇతర విషయములలో కొంత వెనుకబడిన సూచనలు ఆ పరిశోధనలో ఉన్నవి. బడి మారితే బిడ్డ నష్టపోకపోవచ్చును. బడితోపాటు భాష కూడ ఒక్కసారిగా మారితే ఆ భారము బిడ్డదే.

ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో ఎట్లు నడుచుచున్నదో తెలియవలెనంటే దూరం పోనక్కరలేదు. సాయంత్రం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రముల మెట్లమీదనో కూర్చున్న యువతీయువకులను పలకరిస్తే చాలును. వారిలో బి.ఎడ్. పూర్తిచేసి, పగలు ఏదో ప్రైవేటు బడిలో స్వల్ప జీతమునకు పాఠం చెప్పి, సాయంత్రం సర్కారు ఉపాధ్యాయ పదవికి చదివేవారు ఉన్నారు. తెలంగాణలో 2017లో 8,792 పదవులకు ప్రకటన వెలువడిన తరువాత, 2024లో 11,062 పదవులకు ప్రకటన వచ్చి నియామకములు జరిగేవరకు ఏడేండ్లు గడిచినవి. ఆ ఏడేండ్లు సర్కారు బడిలో ఖాళీలు, ప్రైవేటు బడిలో చౌకగా దొరికే పంతుళ్లు! ఆ మంచి ఉపాధ్యాయుడికి పదవి వచ్చిననాడు ప్రైవేటు తరగతి నడిసంవత్సరమున ఖాళీ అవుతుంది. ఉపాధ్యాయుడిని తప్పుపట్టలేము. 1994 జనవరి 1 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ప్రైవేటు బడి వసూలుచేసిన రుసుములో సగము సిబ్బంది జీతములకు వెచ్చించవలెను, యాజమాన్యము 5 శాతమునకు మించి తీసుకొనరాదు. ఆ లెక్క చూపమని అడిగే తల్లిదండ్రులు ఎందరు?

ఇక మన సమాజములో ఉర్దూ ఇంటి బిడ్డల సమస్య ప్రత్యేకముగా ఉన్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించుటకు ప్రయత్నించవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణం చెప్పుచున్నది. ఉర్దూ మాధ్యమ సర్కారు బడులు ఉన్నవి కాని, పలుచోట్ల వాటికి ఉపాధ్యాయులు చాలరు. పాతబస్తీలోని మూడు మండలములలో జేమ్స్ టూలీ అనే ఆచార్యుని బృందము 2003 ప్రాంతమున వీధివీధి తిరిగి లెక్కింపగా 918 బడులు తేలినవి; అందులో సర్కారువి మూడింట ఒక వంతుకు కొంచెము ఎక్కువ. మిగిలిన ప్రైవేటు బడులలో సగమునకు పైగా గుర్తింపు లేనివే. గుర్తింపు లేని బడిలో చదివిన పిల్లవాడు పదవ తరగతి పరీక్షకు మరొక బడి పేర కూర్చొనవలసి వస్తుంది. ఈ సంగతి చాలామందికి చివరి ఏడు గాని తెలియదు. 2016లో 71 బడులతో ప్రారంభమై 204కు పెరిగిన మైనారిటీ గురుకులములు పేద కుటుంబములకు మూడవ దారి చూపినవి. వాటి మాధ్యమము ఇంగ్లీషు. 2018 చట్టము ప్రకారం బడి ఏదైనను 10వ తరగతి వరకు తెలుగు తప్పనిసరి. అంటే ఉర్దూ ఇంటి బిడ్డకు నాలుగు భాషల మూట. మూట మోయగలడు, కాని మొదట ఏ భాషలో చదవను నేర్చినాడో ఆ భాష గట్టిపడిన తరువాతనే.

మన కళాశాల సంఘము పెద్దలకు ఒక మనవి. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రైవేటు బడులు 25 శాతం స్థానములను బడుగు పిల్లలకు ఉచితముగా ఇవ్వవలెనని అందులో ఉన్నది. తెలంగాణలో ఆ నిబంధన ఏండ్ల తరబడి కాగితము మీదనే నిలిచినది. మైనారిటీ సంస్థలకు ఆ చట్టము వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మినహాయింపు పొందిన సంస్థలు ఆ స్థానములను తమంత తాము ఇచ్చినచో ఆక్షేపించు న్యాయస్థానము లేదు.

కొడుకును ప్రైవేటు బడికీ, కూతురిని సర్కారు బడికీ పంపే ఇండ్లు మన మధ్యనే ఉన్నవి. ఆ ఇండ్లలో బడుల మంచిచెడ్డల విచారణ జరగలేదు, డబ్బు లెక్క జరిగినది. చెల్లెలి పక్షమున మాట్లాడవలసినవారు ఈ సంచిక చదివే అన్నలు.

బడిని ఎంచుకొనుటకు వెళ్లినప్పుడు వార్షికోత్సవము నాడు కాక, మామూలు పనిదినమున వెళ్లవలెను. గుర్తింపు పత్రము ఏ తరగతి వరకు ఉన్నదో చూడవలెను. ప్రతి గుర్తింపు బడికీ 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది. దానితో విద్యార్థుల, ఉపాధ్యాయుల సంఖ్య, మరుగుదొడ్ల వివరము తెలిసికొనవచ్చును. ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండవలెనన్నది చట్టము. రెండవ తరగతి గుమ్మము వద్ద నిలిచి, పంతులమ్మ ఎన్నాళ్లనుండి అక్కడ ఉన్నారో అడగండి. ఒక పిల్లవానిని పిలిచి, పుస్తకములో ఒక వాక్యము చదివించి, దాని అర్థమును ఇంటిలో అమ్మకు చెప్పినట్లు చెప్పమనండి. రుసుము పట్టిక చూచుటకు ఆ తరువాత కార్యాలయములోనికి వెళ్లవచ్చును.