యద్దనపూడి నవలలు: పత్రిక నుండి తెర దాకా

సాహిత్య సభలలో ప్రేమకథలు వ్రాసినవారిని చివరి వరుసలో కూర్చుండబెట్టడం మన విమర్శకులకు చాలాకాలంగా అలవాటు. అయితే ఆ చివరి వరుసలోని యద్దనపూడి సులోచనారాణి గారిని చదివినంతమంది పాఠకులు ముందు వరుసలోని పెద్దలను చదివినారా అంటే సందేహించవలసి ఉంటుంది. 1940లో కృష్ణాజిల్లా కాజ గ్రామంలో పుట్టి, హైదరాబాదులో స్థిరపడి, 2018 మే 21న అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూసిన ఈ రచయిత్రి, అర్ధశతాబ్దికి పైగా తెలుగు ఇండ్లలో వినబడిన పేరు. అభిమానులు ఆమెను 'నవలారాణి' అన్నారు. ఆ బిరుదులో కొంత మెచ్చుకోలు, కొంత మెత్తని వెక్కిరింత కలసి ఉన్నవని నాకు తోచును.

ఆమె మొదట కథారచయిత్రి. తొలి కథ 'చిత్ర నళినీయం' ఆంధ్రపత్రికలో అచ్చయినది. చిన్నకథలో ఇమడని తీరిక ఆమె స్వభావంలో ఉన్నది కాబోలు, 1960ల నడుమ 'జ్యోతి' మాసపత్రికలో 'సెక్రటరీ' ధారావాహికగా వెలువడగానే ఆమెకు తన స్థానం దొరికినది. కథ నాలుగు మాటలలో చెప్పవచ్చును. పేదయింటి చదువుకున్న పిల్ల జయంతి, సంపన్నుడైన రాజశేఖరం, అతని వద్ద ఆమె ఉద్యోగం. ఇద్దరికీ ఒకరిపై ఒకరికి మనసున్నదని పాఠకునికి త్వరలోనే తెలిసిపోవును. తెలియనిది వారిద్దరికే! ఈ ఒక్క ఇరుసు మీద అంత పెద్ద బండి నడిచినది.

ఎట్లు నడిచినదో కొంచెం విచారింపవలె. ఆ రోజులలో ఆడపిల్ల గడప దాటి ఉద్యోగానికి పోవడమే ఒక వార్త. జయంతి జీతానికి పనిచేయును గాని, జీతమిచ్చేవాని దయకు చేయి చాచదు. అతడు ఔదార్యం చూపినప్పుడెల్ల ఆమెకు అవమానమే తోచును. ఆ ఆత్మాభిమానమే అపార్థానికి కారణం, అపార్థమే మరుసటి నెల సంచికకు కారణం! ధారావాహిక రచయితకు కావలసినది సంఘటనల రద్దీ కాదు. చెప్పవలసిన ఒక మాటను చెప్పనీయకుండ ఆపగల స్వభావం. సులోచనారాణి గారు ఆ ఆటంకాన్ని విలనులలో గాక కథానాయిక మనసులోనే పెట్టినారు. ఆమె నైపుణ్యమంతా ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

ఆమె ఒంటరిగా వచ్చినవారు కారు. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' అప్పటికే పేరు పొంది, 1964లో 'డాక్టర్ చక్రవర్తి' చిత్రమైనది. తరువాత స్త్రీల నవలలకు ఎంత గిరాకీ వచ్చినదనగా, కొందరు పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాయసాగినారు. మన సాహిత్య చరిత్రలో ఇంతటి పొగడ్త మరి ఏ వర్గానికీ దక్కలేదు.

ఇక మన ప్రాంతం మాట. బుగ్గారం నుండి ఒక వృద్ధ శ్రోత ఇటీవల మాకు జాబు వ్రాసినారు. పడుచుతనంలో పదిమంది ఆడవాళ్లు బీడీలు చుట్టుచుండగా, చదువు వచ్చిన పిల్ల ఒకతె నవల పైకి చదివేదట. 'కార్లు, మేడలు, పట్టుచీరల కథలు విని మేము మోసపోయినామా?' అని ఆమె ప్రశ్న. ఆమె మనుమరాలు అట్లే అంటున్నదట.

ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. రాజశేఖరం వంటి భర్తలు కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ దొరకలేదు, హైదరాబాదులోనూ దొరకలేదు. పేదరాలి కష్టాలు సంపన్నుని పెండ్లితో తీరినట్లు చూపడం ఆ నవలల లోపమే. కూలిరేటు పెరగవలెనన్న ఆలోచన వాటిలో వెదికితే కనబడదు. కాని మరొక సంగతి కూడ లెక్కలోనికి రావలె. నిజాం రాజ్యంలో 1948 వరకు పాలనకూ, పైచదువులకూ ఉర్దూయే భాష. తెలుగు అక్షరం కొత్తగా చేతికి వచ్చిన ఇండ్లలో, ఆడవారు తమంత తాము కోరి చదివిన పుస్తకాలెన్ని? చదివిన ఆ పిల్లకూ, విన్న ఆ పదిమందికీ వచ్చే సంచిక కోసం ఎదురుచూచే అలవాటును ఇచ్చినవి ఇటువంటి నవలలే. జయంతి 'వద్దు' అనగలిగినదన్న సంగతి కూడ వారు విన్నారు. అది మోసం కాదనియే నేను ఆమెకు జవాబు వ్రాసినాను.

వెండితెర ఈ నవలలను త్వరలోనే పట్టుకొన్నది. 'విజేత' 1972లో 'విచిత్రబంధం' అయినది. 1973లో విజయనిర్మల గారు 'మీనా'ను, తాతినేని రామారావు గారు 'జీవన తరంగాలు'ను తీసినారు. 'ఆరాధన' 1974లో 'బంగారు కలలు' అయినది. 'సెక్రటరీ' 1976లో అక్కినేని, వాణిశ్రీలతో వచ్చినది. అన్నింటినీ ఒకే తక్కెడలో తూచలేము. 'విచిత్రబంధం'లో కథానాయకుడు ఘోరమైన అపరాధం చేసి, తుదకు ఆ స్త్రీకే భర్తగా నిలుచును. ఈ పరిష్కారం నాకు ఏనాడూ రుచించలేదు. నేటి యువతులకు అసలే రుచించదు.

చిత్రాలలో పాటలు వచ్చినవి, అందమైన ముఖాలు వచ్చినవి. పోయినది కథానాయిక మనసులోని సంభాషణ. నవలలో జయంతి మౌనం మూడు పుటలు. తెరపై అది ఒక్క నిట్టూర్పు. అందుచేతనే చిత్రం చూచినవారు తిరిగి పుస్తకం కొన్నారేమో! ఎమెస్కో వంటి ప్రచురణకర్తలు తక్కువ వెలకు నవలలను ఇంటింటికి చేర్చుచున్న కాలమది.

తరువాత దూరదర్శన్‌లో మంజులా నాయుడు గారి దర్శకత్వాన వచ్చిన 'ఋతురాగాలు'కు ఆమె రచన తోడైనది. వాయిదాల కథనం ఆమెకు కొత్త విద్య కాదు. మాసపత్రిక నేర్పిన పాఠమే అక్కడ పనికివచ్చినది. 2016లో త్రివిక్రమ్ గారి 'అ ఆ' విడుదల కాగానే పాత పాఠకులు ఆ కథలో 'మీనా'ను గుర్తుపట్టినారు. నలుబది ఏండ్ల క్రిందట చదివిన నవలను తెర మీద పోల్చుకొన్న ఆ పాఠకులలో ఎక్కువమంది అప్పటికి అమ్మమ్మలు, నాయనమ్మలు.