అరిగిన గొలుసు - చేతికి అపాయము
(పాత వ్యవసాయ యంత్రముల రోలరు గొలుసులను మార్చుకొను విధానము)

నూర్పిళ్ళ కాలములో వ్రేళ్ళు నలిగిన వారును, తెగిన వారును ఆసుపత్రులకు వచ్చుట వైద్యులెరిగిన విషయమే. ఇట్టి గాయములకు ఒక కారణము మూత లేక తిరుగుచుండు అరిగిన గొలుసు. కొత్త యంత్రమును కొనుట అందరికిని సాధ్యము కాదు. చేతులు మారి వచ్చిన త్రెషరు, విత్తనపు గొర్రు, రోటవేటరు ఏండ్ల తరబడి పని చేయుచునే యుండును. అందులో దోషము లేదు. కాని యంత్రము పాతదైనను దానిపై తిరుగు గొలుసు అరిగిపోయినది కారాదు. గొలుసును సకాలమున మార్చుకొనుట యంత్ర రక్షణ మాత్రమే కాదు, శరీర రక్షణ కూడ.

గొలుసు ఎట్లు అరుగును?

రోలరు గొలుసును 1880లో మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు రూపొందించెను. నేటికిని దాని నిర్మాణము ప్రధానముగా అదియే. ప్రతి కీలునందును ఒక పిన్ను, దాని చుట్టు బుష్షు, దానిపై తిరుగు రోలరు ఉండును. "గొలుసు సాగినది" అని రైతులందురు. నిజమునకు ఇనుప పలకలు సాగుట బహు స్వల్పము. పిన్నును బుష్షును ఒరసికొని అరుగును. ఒక్కొక్క కీలువద్ద వెంట్రుకవాసి అరిగినను, నూరు కీళ్ళవద్ద కలిసి గొలుసు పొడవు పెరుగును. దుమ్ము, ఇసుక చేరినచో ఈ అరుగుదల త్వరపడును.

పొడవు పెరిగిన గొలుసు స్ప్రాకెట్ పళ్ళ మొదట కుదురుకొనక కొనలపైకి ఎక్కును. బరువు పడగానే జారును, ఊడిపడును లేదా తెగును. అసలు అపాయ మిచ్చటనే మొదలగును. పని ఆగునను తొందరలో మనుష్యుడు తిరుగుచున్న యంత్రమువద్దకే చేయి చాచును. నిమిషమునకు 300 మార్లు తిరుగు 15 పళ్ళ చక్రముపై అంగుళపు గొలుసు సెకనునకు 6 అడుగులకు పైగా పరుగెత్తును. వ్రేలు చిక్కినదని తెలిసి వెనుకకు తీసికొనుటకు వ్యవధి యుండదు.

ఎప్పుడు మార్చవలెను?

అంగుళపు గొలుసులో 12 లింకులు, ముప్పాతిక అంగుళపు గొలుసులో 16, అర అంగుళపు గొలుసులో 24 లింకులు కొత్తవిగా నున్నప్పుడు సరిగా 12 అంగుళములు, అనగా 304.8 మిల్లీమీటర్లు ఉండును. గొలుసును బిగలాగి, పిన్ను నడిమినుండి పిన్ను నడిమికి కొలువవలెను. ఆ పొడవు సుమారు 314 మిల్లీమీటర్లకు చేరినచో నూటికి 3 వంతులు పెరిగినదన్నమాట. ఇక ఆ గొలుసును వాడరాదు. పలకలు బీటలు వారినను, రోలర్లు పగిలినను, కీళ్ళు బిగుసుకొనినను కొలత చూడకయే మార్చవలెను.

మార్చు విధానము

1. ఇంజనును ఆపి తాళపుచెవి జేబులో ఉంచుకొనుడు. విద్యుత్ మోటారైనచో మెయిన్ స్విచ్చి తీసివేసి ఫ్యూజులు ఊడదీయుడు. ఇంజను ఆగిన పిదప కూడ త్రెషరు డ్రమ్ము కొంతసేపు తిరుగును. అది పూర్తిగా నిలిచిన తరువాత కొయ్యముక్క అడ్డుపెట్టుడు.

2. ఉంగరములు, గాజులు తీసివేయుడు. పైట, పంచె, తువ్వాలు, జడ వ్రేలాడనీయరాదు. పిల్లలను దూరముగా ఉంచుడు. పిన్నును సుత్తితో కొట్టునప్పుడు ఉక్కు రవ్వలు ఎగురును గనుక కంటికి రక్షణ అద్దములు ధరించుడు.

3. బిగింపును వదులు చేసి, జోడు లింకు క్లిప్పును పట్టకారుతో తీయుడు. చక్రమును కొంచెము తిప్పవలసి వచ్చినచో, అడ్డుకొయ్య తీసి, గొలుసు పట్టుకొనిన చేతిని పూర్తిగా తొలగించిన పిదపనే తిప్పుడు. ఒకరు గొలుసు పట్టుకొనియుండగా మరొకరు చక్రము తిప్పుట మిక్కిలి ప్రమాదకరము.

4. కొత్త గొలుసును పాతదాని పొడవుతో కొలిచి తీసికొనరాదు. లింకులను లెక్కించవలెను. పాత ముక్కకు కొత్త ముక్క అతుకరాదు. స్ప్రాకెట్ పళ్ళు కొక్కెములవలె వంగియున్నచో వానిని కూడ మార్చుడు. లేనిచో కొత్త గొలుసు త్వరలోనే చెడును.

5. క్లిప్పు మూసిన కొన గొలుసు నడచు దిక్కునకు ఉండవలెను. చక్రముల నడుమ మీటరు దూరమున్నచో వదులు పక్క 2, 3 సెంటీమీటర్లు ఆడనిండు. నూనెను యంత్రము నిలిచియుండగనే వేయుడు.

6. మూతను తిరిగి బిగించుడు. మూత బిగించనిదే పని ముగిసినట్లు కాదు.

గాయమైనచో

చేయి చిక్కుకొనినచో లాగరాదు. యంత్రమును ఆపి, గొలుసును వదులు చేసి విడిపించవలెను. గాయముపై శుభ్రమైన గుడ్డ నుంచి గట్టిగా అదిమి, చేతిని ఎత్తిపట్టుడు. పసుపు, సున్నము, కాఫీపొడి అద్దరాదు. వ్రేలు తెగిపోయినచో దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డలున్న పాత్రలో ఉంచి, రోగితోపాటు పంపుడు. వ్రేలు మంచుకు నేరుగా తగులరాదు. 108 లేదా 112 నంబరునకు వెంటనే ఫోను చేయుడు. గాయము చిన్నదైనను ధనుర్వాతపు సూది సంగతి వైద్యునితో చెప్పుడు. మట్టి, గ్రీజు అంటిన గాయమున ఆ వ్యాధి సోకవచ్చును.

త్రెషర్లవలన కలుగు ప్రమాదములను తగ్గించుటకై 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టమును చేసినది. ఐనను కొట్టములోని పాత యంత్రమును ప్రతిదినము కనిపెట్టియుండుట చట్టమునకు సాధ్యము కాదు. అది యజమాని కర్తవ్యము. కోతలకు ఒక నెల ముందు, తొందర లేని దినమున, కొలబద్ద చేతబట్టి గొలుసును పరీక్షింపుడు. కూలికి వచ్చువారి చేతులును మీ చేతులవంటివే యని తలచి, అరిగినదానిని అప్పుడే మార్చుడు.