నోరులేని బొమ్మలు

మూకీ అంటే బొత్తిగా చప్పుడు లేనిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రోజుల్లో తెర పక్కన హార్మోనియం, తబలా మోగుతూండేవి. తెరమీద పడే అక్షరాలను చదువురాని వారికోసం ఒకడు నిలబడి కేకవేసి చదివేవాడు. నోరు లేనిది బొమ్మకే గాని హాలుకు కాదు!

1913 మే 3న బొంబాయి కారొనేషన్ థియేటరులో ఫాల్కే "రాజా హరిశ్చంద్ర"ను ప్రజలకు చూపారు. అందులో తారామతి వేషం కట్టింది సాళుంకే అనే మగవాడు. స్థానం వారిని చూసి మురిసిన మనకు అదేం వింత గనుక? మనవారూ ఆట్టే వెనకబడలేదు. బందరు నుంచి వెళ్ళి మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూన్న రఘుపతి వెంకయ్యగారు ఈ బొమ్మల పిచ్చిలో పడి గెయిటీ థియేటరు కట్టించారు. కొడుకు ప్రకాశ్‌ను విద్య నేర్చుకు రమ్మని పైదేశాలు పంపారు. ఆ ప్రకాశే 1921లో "భీష్మప్రతిజ్ఞ" తీశాడు, భీష్ముడూ తానే.

చూద్దామంటే ఆ చిత్రం లేదు. దేశంలో తయారైన మూకీలు 1,300 పైచిలుకు. ముక్కా చెక్కా కలుపుకున్నా దక్కినవి 30 దాటవు. ఆనాటి నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లకు అన్న. అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. అంటుకోకపోయినా ఏళ్ళు గడిచేసరికి జిగురై, చివరకు పొడి అవుతుంది. 1931లో టాకీ వచ్చాక మూకీని అడిగే నాథుడు లేడు. ఫిల్ములో ఉన్న కాస్త వెండికోసం రీళ్ళను కరిగించి అమ్ముకున్నారు. పూనాలో ప్రభుత్వ ఫిల్ము భాండాగారం వెలిసింది 1964లో గదా, అప్పటికి చాలా మటుకు బూడిదే.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక నాకు తాళపత్రాలు గుర్తొస్తాయి. కావ్యం నశించినా, పెదపాటి జగన్నాథకవి వంటి పుణ్యాత్ముడు "ప్రబంధరత్నాకరం"లో నాలుగు పద్యాలు ఎత్తి రాసిపెడితే ఆ మేరకు బతికింది. బొమ్మను అలా ఎత్తి రాసుకునేదెలా?

ఫాల్కేగారి "కాళీయమర్దన్" (1919) చాలావరకు మిగిలింది. ఆయన కూతురు మందాకిని కృష్ణుడు. మొదట్లో ఆ పిల్ల మామూలు మొహంతో నవ్వి, కోపగించి, మన కళ్ళముందే కృష్ణుడై పోతుంది. నేను చూశాను. ఇప్పటి బాలనటులెవరూ దానికి సాటిరారు.

ఇక మలయాళం వారి "మార్తాండవర్మ" దక్కిన తీరు మరీ తమాషా. 1933లో విడుదల కాగానే నవల హక్కులు తమవంటూ ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. ఆట ఆగింది; నిర్మాత మునిగాడు; రీళ్ళు మాత్రం పుస్తకాల షాపువారి చేతిలో పడి, 1974లో భద్రంగా పూనా చేరాయి. మన "భీష్మప్రతిజ్ఞ" మీద ఎవరూ దావా వెయ్యలేదు కాబోలు!