డిస్కునకు రెండు దారులు

బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, పరీక్షల మార్కులు ఇవన్నియు నేడు సర్వరులనబడు కంప్యూటరుల డిస్కులలో భద్రపరచబడుచున్నవి. డిస్కు చెడినచో సమాచారము పోవునని అందరికిని తెలియును. కాని డిస్కు చక్కగానే యుండి, దానిని చేరు దారి తెగినచో నేమగును? పెట్టెలో సొమ్ముండియు తాళపుచెవి పోగొట్టుకొన్నవాని స్థితియే సర్వరునకు కలుగును.

పెద్ద సంస్థలలో డిస్కులను సర్వరులోనే యుంచక, వేరొక బీరువాలో అమర్చి, పలు సర్వరులు పంచుకొనునట్లు చేయుదురు. సర్వరునుండి బయలుదేరిన ఆజ్ఞ ఐదు భాగములను దాటవలెను: సర్వరులోని అడాప్టరు, ఒక కేబులు, స్విచ్చి, మరియొక కేబులు, బీరువాలోని కంట్రోలరు. ఇవి శ్రేణిలో కలిపిన విద్యుద్దీపముల వంటివి. ఒక్కటి చెడినను దారి యంతయు మూతపడును.

కొంచెము లెక్క వేసి చూతము. ప్రతి భాగమును నూటికి 99 పాళ్లు పనిచేయుననుకొందము. (నిజమైన పరికరములు ఇంతకంటె మేలైనవి, లెక్క సులభమగుటకే ఈ అంకె.) ఐదును ఒకేసారి పనిచేయు సంభావ్యత, 0.99ని ఐదుమార్లు వేసి గుణించగా వచ్చు 0.951. అనగా నూటికి సుమారు 5 పాళ్లు దారి మూతపడియుండును. ఇట్టి దారులు రెండు సమాంతరముగా నున్నచో, రెండును ఒకేసారి మూతపడు సంభావ్యత 0.049 × 0.049, అనగా 0.0024. పదివేలకు 24 మాత్రమే!

అయితే రెండు దారులు వేసినంతనే పని ముగియదు. ఒకే డిస్కు రెండు దారుల వెంట కనబడుటచే, సర్వరు దానిని రెండు డిస్కులని భ్రమించును. ఆ రెండింటిని వేరువేరుగా వాడినచో వ్రాత తారుమారగును. అందుచే ‘మల్టీపాత్’ అను ప్రోగ్రాము మొదట డిస్కు గుర్తింపు సంఖ్యను చదువును. ఈ సంఖ్య వేరొక డిస్కునకు ఉండదు. రెండు దారులలోను అదే సంఖ్య కనబడినచో, వానిని ఒకే డిస్కుగా సర్వరునకు చూపును.

ఆపైన నది ప్రతి దారిని పరీక్షించుచునే యుండును. లైనక్సులో సాధారణముగా ఈ పరీక్ష 5 సెకండ్లకొకసారి మొదలగును. ఆజ్ఞకు బదులు రానిచో, అదే ఆజ్ఞను రెండవ దారిన పంపును. మొదటి ఆజ్ఞ చేరియే, బదులు మాత్రము పోయియుండవచ్చును గదా? అయినను భయము లేదు. అదే స్థానమున అవే అక్షరములను మరల వ్రాసినచో ఫలితము మారదు. దారులన్నియు బాగున్నప్పుడు పనిని వానికి పంచి, వేగమును గూడ పెంచవచ్చును.

పైన సంభావ్యతలను గుణించుట, రెండు దారులును ఒకదానితో నొకటి సంబంధము లేనివైనప్పుడే చెల్లును. 2021 ఫిబ్రవరి 24న ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 11 గంటల 40 నిమిషములకు వ్యాపారము ఆగిపోయి, మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములకు గాని మరల సాగలేదు. దాని రెండు కేంద్రముల నడుమ ఇద్దరు వేర్వేరు సేవాదారుల తంతులున్నవి. త్రోవ వెంబడి జరిగిన త్రవ్వకముల వలన ఇరువురి తంతులును దెబ్బతిన్నవని, అప్పుడు నిల్వ వ్యవస్థ అనుకొనని రీతిగా ప్రవర్తించి సర్వరులకు డిస్కులు అందకుండ పోయినవని ఆ సంస్థయే ప్రకటించినది. సేవాదారులు ఇద్దరైనను గునపము తగిలిన నేల ఒక్కటే.

కావున రెండు అడాప్టరులు, రెండు స్విచ్చీలు, రెండు కంట్రోలరులు ఉన్నవాయని మాత్రమే అడిగిన చాలదు. రెండు స్విచ్చీలకు విద్యుత్తు ఒకే తీగనుండి వచ్చుచున్నదా? రెండు కేబులులు ఒకే గొట్టములో నున్నవా? అని గూడ అడుగవలెను. మరియు దారులెన్ని యున్నను అవి డిస్కు చెడిపోవుటను ఆపలేవు; పొరపాటున చెరిపిన సమాచారమును తిరిగి తేలేవు. వానికి వేరు డిస్కులలోను, వేరు చోటులలోను ప్రతులుంచుకొనుటయే ఉపాయము.