గీత పడితే కరిగొచ్చే పసుపు

సైనిక విమానం పైరంగు గీకితే అడుగున పసుపూ ఆకుపచ్చా కలిసిన పొర ఒకటి కనబడుతుంది. దశాబ్దాలుగా ఆ లోహాన్ని కాపాడుతున్నది అదే. అందులోని మందు స్ట్రాన్షియం క్రోమేట్.

విమానాల్లో ఎక్కువగా వాడే 2024 రకం అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి కలుపుతారు. రేకుకు బలం ఆ రాగి వల్లే, తెగులూ ఆ రాగి వల్లే. సముద్రపు ఉప్పుతేమ తగిలితే రాగి రేణువుల చుట్టూ ఉన్న అల్యూమినియం, చిన్న బ్యాటరీలో జరిగినట్టే, కరిగిపోయి గుంటలు పడతాయి. గుంట దగ్గర పగులు మొదలవుతుంది.

క్రోమేట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. రంగు మీద గీత పడితే అది ఆ తేమలో కొద్దిగా కరిగి గీత దాకా చేరుతుంది. బయటపడ్డ లోహాన్ని తాకగానే అందులోని క్రోమియం హెక్సావేలెంట్ (ఆరు వేలెన్సీ) రూపం వదిలి ట్రైవేలెంట్‌గా (మూడు వేలెన్సీ) మారి, పలచటి పొరై అతుక్కుంటుంది. ఎవరూ వెళ్లి మందు రాయక్కర్లేదు.

ప్రాణం తీసేదీ ఈ గుణమే. క్రోమేట్ ఆకారంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి మన కణాలు దాన్ని సులువుగా లోపలికి రానిస్తాయి. లోపల మళ్లీ అదే మార్పు జరుగుతుంది, కాకపోతే ఈసారి దెబ్బ తినేది డీఎన్ఏ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి అలా పడుతుంది. క్రోమేట్ ధూళి పీల్చేది పైలట్ కాదు, హ్యాంగర్‌లో రెక్క మీదికి వంగి పాత రంగును అరగదీసే కార్మికుడు. అందుకే అమెరికా 2006లో పని చోట గాలిలో హెక్సావేలెంట్ క్రోమియం పరిమితిని ఘనపు మీటరుకు 52 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. 2009లో ఆ దేశ రక్షణ శాఖ దీని వాడకానికే కళ్లెం వేసింది.

బదులుగా ఏం వాడాలి? అమెరికా నౌకాదళ పరిశోధకులు రేకును ముందుగా శుద్ధి చేయడానికి ట్రైవేలెంట్ క్రోమియం ద్రావణం తయారుచేశారు. నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో మెగ్నీషియం పొడి దట్టించిన ప్రైమర్ (అడుగుపూత) పుట్టింది. జీఐ రేకు మీది జింకు ఇనుముకు బదులు తాను అరిగిపోయినట్టు, ఇక్కడ అల్యూమినియానికి బదులు మెగ్నీషియం అరిగిపోతుంది. లిథియం లవణాలు మాత్రం క్రోమేట్ లాగే కరిగి గీతలోకి చేరతాయి. నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఇవే.

ఉప్పునీటి తుంపర పరీక్ష గదిలో నెగ్గిన పూత, రివెట్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలుస్తుందని భరోసా లేదు. అందుకే సైన్యాలు ఆచితూచి మారుతున్నాయి. కొత్త ప్రైమర్ వచ్చినా పాత పొర ఎక్కడికీ పోదు. అమెరికా బాంబర్ బీ-52ల్లో చివరిది తయారైంది 1962లో. ఆ విమానాలు ఇంకా ఎగురుతున్నాయి. అలాంటి పాత విమానాల మీది పసుపును, ముక్కుకు మాస్కు బిగించుకుని, ఎవరో ఒకరు గీకక తప్పదు.