కడప ప్రాంత క్రైస్తవ సంఘాలలో నిర్ణయాధికార స్పష్టత: 1947 ఐక్యతానుభవం

నాయకత్వ గ్రంథాలు సాధారణంగా లక్ష్యప్రకటనతో మొదలవుతాయి. కడప ప్రాంత క్రైస్తవ సంఘాల చరిత్రలో మాత్రం లక్ష్యం కన్నా నిర్ణయాధికారమే అసలు చిక్కుగా కనిపిస్తుంది. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నడిపిన లండన్ మిషనరీ సొసైటీది ప్రధానంగా స్థానిక సంఘమే తన వ్యవహారాలను నిర్ణయించుకొనే సంప్రదాయం. ఆంగ్లికన్లలో ఆ అధికారం బిషప్పుది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఈ రెండింటినీ ఒకే నిర్మాణంలో ఇమడ్చవలసి వచ్చింది. బిషప్పు పదవిని నిబంధనావళికి లోబరచారు. అప్పటికే సేవలో ఉన్న ఇతర సంప్రదాయాల పాదిరులను పునరభిషేకం లేకుండానే స్వీకరించారు. మనస్సాక్షి అంగీకరించని పాదిరిని ఏ సంఘంపైనా రుద్దబోమని హామీ ఇచ్చారు. సమన్వయానికి నినాదాల కన్నా ఈ హామీయే ఎక్కువ తోడ్పడిందనవచ్చు. అయినా పొరుగున ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అధికులు అప్పుడు ఐక్యసంఘం వెలుపలే నిలిచారు. సువార్త విషయంలో వారికి జమ్మలమడుగు వారితో పేచీ లేదు. అభిషేకాధికారం ఎవరిదన్న చోటనే దారులు వేరయ్యాయి.