వైరస్‌ను తూచిన రేకు

అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌లో సన్నటి సిలికాన్ రేకు ఒకటి ఉంటుంది. పేరు కాంటిలీవర్. ఒక కొస బిగించి, రెండోది గాల్లో వదిలేస్తారు. వస్తువు ఉపరితలాన్ని తడుముతూ పోవడమే దాని పని. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ ఆ మైక్రోస్కోప్‌ను లోకానికి చూపినప్పుడు అంతకుమించి ఎవరూ ఆశించలేదు. అయితే దేన్నీ తాకకపోయినా, గాల్లో తేమ మారితే చాలు, లోహపు పూత ఉన్న రేకు వంగుతోందని 1994లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో థామస్ థుండట్ బృందం గమనించింది. మైక్రోస్కోప్ వాడేవాళ్లకు అది బెడద. పసిగట్టే పరికరాలు చేసేవాళ్లకు వరం. 2000 నాటికి ఐబీఎం జ్యూరిక్‌లో డీఎన్ఏ పోగులు అతుక్కుంటే రేకు కొన్ని నానోమీటర్లు వంగడాన్ని కొలిచారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా తెలిసిపోయింది.

వంపు కాక, ఊపును కొలవడం రెండో దారి. కాకి వాలిన కొమ్మ మెల్లగా ఊగినట్టే, బరువు పడిన రేకు కంపనం నెమ్మదిస్తుంది. 2004లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రషీద్ బషీర్ బృందం 5 మైక్రాన్ల పొడవు, 30 నానోమీటర్ల మందం మించని రేకులతో ఒకే ఒక్క వాక్సీనియా వైరస్‌ను తూచింది. మశూచి టీకాకు ఆధారమైన వైరస్ అది. సగటు బరువు 9.5 ఫెమ్టోగ్రాములు, గ్రామును పదికోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోగ్రాము. ఆ రేకును ఎవరూ మీటలేదు. చుట్టూ ఉన్న వేడికీ, గాలి కుదుపులకూ అదే అల్లాడుతోంది. ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

నీటిలో ముంచితే మాత్రం ఊపు చచ్చిపోతుంది. 2007లో ఎంఐటీలో స్కాట్ మనాలిస్ బృందం సమస్యను తిరగేసింది: రేకు చుట్టూ శూన్యం ఉంచి, నీటినే రేకు లోపలి కాలువలోకి పంపింది!

అసలు చిక్కు వేరే ఉంది. రేకుకు బరువు తెలుస్తుంది గానీ పేరు తెలియదు. అది వైరసో దుమ్మో తేల్చాల్సింది పైన పూసిన యాంటీబాడీలే. అవి పొరబడితే రేకూ పొరబడుతుంది. 2001లో ఉత్తరాల్లో వచ్చిన ఆంత్రాక్స్ పొడికి అమెరికాలో ఐదుగురు చనిపోయాక, అక్కడి తపాలా శాఖ తన కేంద్రాల్లో పెట్టింది ఈ రేకులను కాదు, జన్యుముక్కలను రెట్టించి గుర్తుపట్టే పీసీఆర్ యంత్రాలను. దుమ్ము రేగే చోట అదే సరైన ఎంపిక అనుకుంటాను.

రేకుకు వేరే కొలువులు దొరికాయి. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివిన రామ్‌గోపాల్ రావు ఐఐటీ బాంబేలో పాలిమర్ కాంటిలీవర్లతో పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టే పని చేపట్టారు. ఎంఐటీ రేకు, మందు పడిన క్యాన్సర్ కణం ఇంకా బరువు పెరుగుతోందా, ఆగిందా అని తూస్తోంది.